మూడు తలపాగాల గుత్తేదారు

మందరవాటి రాజధానికి తూర్పున, వెండి పళ్లెంలాంటి మైదానం నడుమ, కొత్తగా కట్టిన మల్లకేళీ రంగస్థలం లేత ఎండలో ధగధగలాడుతోంది. దాని స్తంభాలు ఎంత ఎత్తంటే, పైకి ఎగరబోయిన కొంగలు సగం దారిలో అలిసిపోయి అక్కడే గూళ్లు కట్టుకుని గుడ్లు పెట్టాయి. మిగతా సగం వాటి పిల్లలు ఎగిరాయి. గోడలకు పాలరాయి, పాలరాయికి పగడాలు, పగడాలకు ముత్యాలు తాపించారు. ఏడు రాజ్యాల రాజులకు ఏడు సింహాసనాలు వేశారు. వాటి చేతుల మీద చెక్కిన సింహాలు ఎంత సజీవంగా ఉన్నాయంటే, కాపలావాళ్లు వాటికి ముందు మాంసం పెట్టి తర్వాత తాము తింటున్నారు. అన్నిటికీ నడుమ కుస్తీలు పట్టే గోదా. జల్లించిన ఎర్రమట్టిలో పసుపు, నువ్వులనూనె, మజ్జిగ కలిపి పరిచిన గుండ్రని గుంట. అందులో పడ్డవాడికి లేవాలనిపించదని మల్లుల్లో పేరు పడింది.

ఇంత వైభవంలో లోపం ఒక్కటే. మంచినీళ్ల కుండ లేదు.

ఆ సంగతి మహారాజు ఉద్దండకేతుడు గమనించలేదు. ఆయన కొడుకు, యువరాజు మణికేతుడు మాత్రం చాలా లోతుగా గమనించాడు. ఎందుకంటే ఆ సమయంలో అతని నెత్తి మీద మట్టితట్ట ఉంది.

కిరీటం ఉండాల్సిన చోట తట్ట ఎందుకుందంటే, తప్పంతా కోనప్పది. కోనప్ప యువరాజుకు తలంటే మనిషి. మణికేతుడి పుట్టువెంట్రుకలు తీసినప్పటి నుంచీ ఆ తల అతని చేతుల్లోనే పెరిగింది. అతని కూతురు సింగారి రంగస్థలం పనికి వెళ్లి ఇంటికి రాలేదు. కూతుర్ని తీసుకొస్తానని వెళ్లిన కోనప్పా రాలేదు. తలంటేవాడు లేక యువరాజు జుట్టు ఎంత పెచ్చరిల్లిందంటే, కొలువులో అతని వెనక కూర్చున్న మంత్రులకు మహారాజు కనిపించడం మానేశాడు. "నాన్నగారూ, రంగస్థలం కడుతున్న ఆ గుత్తేదారు దగ్గర ఏదో జరుగుతోంది" అని మణికేతుడు అంటే, "జరగదు. అతను మంచివాడు. మనకు పనసపండ్లు పంపుతాడు" అన్నాడు మహారాజు.

అందుకని యువరాజు మొహానికి మసి పూసుకుని, రాజదర్జీ ఎంతో శ్రద్ధగా కొలతలు తీసి చింపిన పంచె కట్టుకుని, కూలివాడి వేషంలో రంగస్థలానికి వచ్చాడు.

ద్వారం దగ్గర ఆకుపచ్చ తలపాగావాడొకడు అతన్ని ఆపాడు. "నీడ పూచీ పెట్టు" అని, నేల మీద పడ్డ యువరాజు నీడను కాలి వేళ్ల దగ్గర నుంచి ఊడబెరికి, చాపలా చుట్టి, ఇనుప పెట్టెలోకి విసిరాడు. "పనయ్యాక ఇస్తాం."

మణికేతుడికి పెద్ద బాధ కలగలేదు. నీడ వల్ల అతనికి ఇంతవరకూ ఏ ఉపయోగమూ కనపడలేదు. సాయంత్రం ద్వారం దాటబోతే మాత్రం, నడుముకు తాడు కట్టి లాగినట్టు వెనక్కి వచ్చి పడ్డాడు. నీడ ఎక్కడుంటే మనిషి అక్కడే. అప్పుడు చుట్టూ చూస్తే ఆ ఆవరణలో రాళ్లు కొట్టేవాళ్లకు, మట్టి మోసేవాళ్లకు, ఎవరికీ నీడ లేదు. అందరూ వెళ్లబోయినవాళ్లే. అందరూ వెనక్కి వచ్చి పడ్డవాళ్లే.

దానికి తోడు పెట్టెలో నీడకు ఏం జరిగితే బయట మనిషికీ అదే జరుగుతుంది. బయట మనిషి ఏం చేస్తే లోపల నీడా అదే చేస్తుంది. ఓసారి పెట్టెలోకి బొద్దింక దూరితే, రంగస్థలంలో ఉన్నవాళ్లంతా తట్టలు పడేసి ఒక్కసారే వీపులు గోక్కున్నారు. "పెట్టెలో కాస్త వేపాకు వెయ్యండి బాబూ" అని అడిగితే, సోమరితనం పెరుగుతుందని వెయ్యలేదు.

సరే, ఇప్పుడు మల్లకేళీ రోజు పొద్దున నెత్తి మీదున్న ఆ తట్ట దగ్గరికి వద్దాం. ఆ తట్ట జారింది. మట్టి మొత్తం యువరాజు మొహాన పడింది.

"ఒరే మెత్తోడా!" సింగారి గొంతు అవతలి గట్టు నుంచి ఖంగుమంది. "తట్ట నెత్తి మీద ఎట్టుకోడానికిరా. మొకాన పోసుకోడానికి కాదు. ఆ మట్టి మల్లులు పూసుకుంటారు, నీకెందుకు?"

"చెయ్యి జారింది."

"నీకు సెయ్యెక్కడుంది? ఎన్నముద్దకి ఐదేళ్లు అతికించినట్టుంది."

కోనప్ప పరుగున వచ్చి యువరాజు జుట్టులోంచి మట్టి దులపడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ రెండు బొటనవేళ్లతో కణతలు కూడా నొక్కాడు. "బాబుగారూ, తమరికెందుకండీ ఈ ఖర్మ" అని గొణిగాడు.

"బాబుగారేటి అయ్యా?" అంది సింగారి కళ్లు చిట్లించి.

"అదీ... ముద్దుగా పిలిచానే."

ఇంతలో గంజి వచ్చింది. ఆ గంజి ఎంత పల్చనంటే, ముంతలో పోశాక పోశారో లేదో తెలియడానికి వేలు ముంచి చూడాలి. ఆ వేళ వేలు ముంచినా అనుమానం తీరలేదు. ఎండలో సొమ్మసిల్లిన ఒక ముసలమ్మకు సింగారి తన ముంత కూడా పట్టించింది. ముసలమ్మ తాగి, "నీళ్లు ఎప్పుడిత్తారమ్మా?" అని అడిగింది.

మణికేతుడికి కోపం వచ్చింది. రాజకుమారుడికి కోపం వస్తే ఏనుగులు సిద్ధం చెయ్యాలి. అక్కడ ఏనుగులు లేవు కాబట్టి నడిచే వెళ్లాడు.

ఉత్తరపు గుడారంలో ఆకుపచ్చ తలపాగావాడు వక్క నములుతున్నాడు. అతని ముక్కు చాలా పొడవు. అతను మలుపు తిరిగాడంటే ముందు ముక్కు వచ్చేది, మనిషి తర్వాత వీలు చూసుకుని వచ్చేవాడు.

"అయ్యా, గంజిలో మెతుకు లేదు. తాగడానికి నీళ్లు లేవు" అన్నాడు మణికేతుడు.

"నాకేం సంబంధమయ్యా? నేను కింది గుత్తేదారుని. తట్టలు నావి, పారలు నావి. మనుషులు నావాళ్లు కారు. దక్షిణపు గుడారంలో నడిమి గుత్తేదారుని అడుగు."

మణికేతుడు రంగస్థలం చుట్టి దక్షిణపు గుడారానికి వెళ్లేసరికి, పసుపు తలపాగావాడొకడు రొప్పుతూ అప్పుడే కూర్చుంటున్నాడు. అదే ముక్కు.

"మనుషులు నావాళ్లే. కాదనను" అన్నాడతను చెమట తుడుచుకుంటూ. "కానీ వాళ్ల కడుపులు నా గుత్తలోకి రావు. పడమటి గుడారంలో పెద్ద గుత్తేదారు ఉంటారు. ఆయన్ని అడుగు. నిదానంగా నడిచి వెళ్లు. ఎండగా ఉంది, తొందరేం లేదు."

మణికేతుడు పరిగెత్తాడు. పడమటి గుడారంలో ఎర్ర తలపాగావాడు ఇనుప పెట్టె మీద కూలబడి, తన తలపాగా కొసతోనే విసురుకుంటున్నాడు. ముక్కు మీద వక్కపొడి ఇంకా ఉంది.

"నాది కట్టడం" అన్నాడతను రొప్పు ఆపుకుని గంభీరంగా. "కట్టినవాళ్లెవరో నాకు తెలీదు. నేనసలు ఇక్కడ మనుషుల్ని చూడనేలేదు. నువ్వు మనిషివేనా?"

యువరాజు జవాబు చెప్పబోయేంతలో గుడారం గుంజలు వణికాయి. గండశిలుడు వచ్చాడు. శిలావర్త రాజ్యపు మల్లుడు, కిందటి కేళీ విజేత. పొద్దున పలహారానికి ఇడ్లీలు లెక్కపెట్టడం మానేసి, పాత్రతో సహా మింగి సాయంత్రం పాత్ర వెనక్కి ఇస్తాడని అతని వంటవాళ్లు చెప్పుకుంటారు. అలాంటివాడు గుమ్మంలో చేతులు కట్టుకుని పసివాడిలా నిలబడ్డాడు.

"గోదా ఎవరు తవ్వేరో పిలండి బాబూ. పిడికిలి మట్టి కావాలి."

"ఏం మట్టి?" అన్నాడు ఎర్ర తలపాగావాడు.

"అదేంటండీ! తవ్వినోళ్లు ఒక పిడికెడు తీసి మా చేతిలో పెట్టి, 'ఇష్టంగా తవ్వాను, ఇష్టంగా దిగు' అనాలి. అన్నప్పుడు ఆళ్ల నీడ గోదాలో పడాలి. అది లేకండా ఏ మల్లుడూ కాలెట్టడు. బలవంతంగా తవ్విన మట్టిలో దిగితే ఎముకలు పుల్లైపోతాయంట. మా అమ్మమ్మ చెప్పింది." అమ్మమ్మను తలుచుకోగానే ఆ పర్వతం కళ్లు చెమర్చాయి. "పొద్దు నడినెత్తి మీదికి రాకముందే కానివ్వండి. అప్పుడు నీడలు పడవు."

ఏడు రాజ్యాల్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన ఆనవాయితీ అది. ఎర్ర తలపాగావాడికి తెలియదు. అతను అసలు గుత్తేదారే కాదు మరి. పేరు దీర్ఘనాసుడు. ధూమగిరి గుహలో చిన్నప్పటి నుంచీ తపస్సు చేసి వచ్చిన మాంత్రికుడు. గుహల్లో కుస్తీలు ఆడరు.

గండశిలుడు వెళ్లిపోగానే దీర్ఘనాసుడు లేచి అటూ ఇటూ తిరుగుతూ తన కుట్ర మొత్తం పైకే చెప్పుకున్నాడు. మాంత్రికులకు మనసులో అనుకునే అలవాటు ఉండదు.

"జెండా కొసకి ఎక్కగానే ఈ పెట్టెను ధ్వజస్తంభం గోతిలోకి దించేస్తాను. నీడలు పునాదిలో కలిసిపోతాయి. ఇక ఈ మూక చచ్చేదాకా ఇక్కడే. వచ్చే కేళికీ వీళ్లే, ఆ పై కేళికీ వీళ్లే! హహ్హహ్హా! ఒక్క నీడ కాసేపు వదలాలి, అంతేగా. నోరులేనివాడు ఒకడు దొరికితే..."

తిరిగి చూస్తే ఎదురుగా యువరాజు ఉన్నాడు. మాంత్రికుడు 'ఇందాకటి నుంచీ గంజీ గంజీ అని నా వెంటపడ్డవాడివి నువ్వే కదూ' అనబోయి ఆగాడు. ఆ మాట అంటే, వెంటపడింది తన వెంటే అని ఒప్పుకోవాలి. ఎర్ర తలపాగా ఇతన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తోంది.

"నీకు నోరుందా?" అని అడిగాడు చివరికి.

మణికేతుడు లేదన్నట్టు తలూపాడు.

"మంచిది. గోదా దగ్గరికి నువ్వే రావాలి. ఆ రెండు మాటలూ అని ఊరుకో. మూడో మాట అన్నావో, నీ నీడను బండకేసి ఉతికిస్తాను."

మణికేతుడు ఒక్క పరుగున మట్టిగట్టు దగ్గరికి వచ్చి పడ్డాడు. "సింగారీ! రహస్యం తెలిసిపోయింది! ముగ్గురు గుత్తేదార్లూ ఒక్కడే!"

గట్టు మీద ఎవరూ తల కూడా ఎత్తలేదు.

"ఇప్పుడు తెల్సిందా?" అంది సింగారి. "ఆ ముక్కు సూసి మాకు మొదటి రోజే తెల్సింది. తెల్సి ఏటి సేత్తాం? ఏ తలపాగాని అడిగినా ఇంకో తలపాగా కిందకి దూరిపోతాడు."

రెండో వార్తకు మాత్రం అందరూ తలలెత్తారు. జెండా ఎక్కితే ఇక ఇల్లు లేదు. రాళ్లు కొట్టే సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొండ అవతల పాలు మరవని బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చిన ఒకామె తట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"నా నీడొక్కటే బయటికి తీస్తాడు" అన్నాడు మణికేతుడు. "మనం ఏం చేస్తే లోపల నీడలూ అదే చేస్తాయి కదా? మీరు తట్టలు అందించుకునే వరస ఉందే, అలాగే నిలబడి చేతులు పట్టుకుందాం. నేను కొసన. లోపల నీడలూ చేతులు పట్టుకుంటాయి. నన్ను లాగితే..."

"అందరూ వచ్చేత్తారు!" అన్నాడు కోనప్ప. "మా బాబే! చిన్నప్పుడు కూడా ఇంతే, వంటింట్లో ఒక్క జంతిక తీస్తే..." అని నాలిక్కరుచుకున్నాడు.

సింగారి తండ్రిని చూసింది. యువరాజును చూసింది. ఆ తలను చూసింది. ఆ తల గురించి ఆమె చిన్నప్పటి నుంచీ ఇంట్లో రోజూ వింటూనే ఉంది.

"నువ్వు యువరాజువా?"

"అవును."

"అయితే సరే. తట్ట కింద పడేసేవు, ఎవులు తీత్తారు? తియ్యి."

యువరాజు తట్ట తీశాడు. ఉపాయం పారుతుందో లేదో చూద్దామని అందరూ కలిసి ఒక్కసారి ఎగిరి దూకారు. పడమటి గుడారంలో ఇనుప పెట్టె ధబ్బున ఎగిరింది. దాని మీద కునుకు తీస్తున్న ఎర్ర తలపాగా గుడారం కప్పుకు తగిలి, అక్కడే కాసేపు ఉండి, కిందికి వచ్చింది.

వరస కట్టడం మొదలైంది. అన్నీ కుదిరాయి గానీ నడుమ ఒక్కచోట వరస తెగింది. అక్కడ గంగులు, ఎర్రయ్య నిలబడ్డారు. బావా బావమరుదులు. ఒక మేక ఎవరిదన్న విషయంలో మాటలు మానేశారు. ఆ మేక ఈపాటికి మనవల్ని కూడా ఎత్తింది.

"ఆడి సెయ్యి నాను ముట్టను" అన్నాడు గంగులు.

"ఆణ్ణెవులు ముట్టమన్నారు? నా సెయ్యికి పరువు లేదేటి?" అన్నాడు ఎర్రయ్య ఆకాశంతో.

"ఒరే, మీ యెనకాల సగం మంది ఉన్నార్రా!" అని సింగారి అరిచింది. "మీరు పట్టుకోపోతే ఆళ్లంతా పెట్టెలోనే ఉండిపోతారు."

ఇద్దరూ చెరో పక్కకూ చూస్తూ, చెరొక చిటికెనవేలు ఇచ్చారు. అంతకు మించి బేరం కుదరలేదు.

భేరీలు మోగాయి. ఏడు రాజ్యాల రాజులు ఏడు సింహాసనాల మీద ఆసీనులయ్యారు. చామరాలు వీచాయి, కాహళాలు ఊదారు, మీది అంతస్తుల నుంచి మల్లెలు ఎంత కురిశాయంటే ఒక చిన్న రాజ్యపు రాజు కాసేపు కనిపించకుండా పోతే తవ్వి తీశారు. ధ్వజస్తంభానికి పట్టుజెండా నెమ్మదిగా పాకడం మొదలుపెట్టింది. దాని మొదట్లో గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. గోతి పక్కన ఇనుప పెట్టె. పెట్టె పక్కన ఎర్ర తలపాగాతో దీర్ఘనాసుడు.

గోదా అంచున గండశిలుడు కాలు ఎత్తి నిలబడ్డాడు. పిడికిలి మట్టి అందేదాకా ఆ కాలు దించడు. అతని ముందు మణికేతుడు. యువరాజు వెనక సింగారి, కోనప్ప, ఆ వెనక తట్టలు మోసేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు. వరస మెట్ల వెనక్కి పోయి, స్తంభాలు చుట్టి, గట్టు దాకా సాగింది. అందరి చేతులూ వీపుల వెనక కలిసి ఉన్నాయి. చూసేవాళ్లకు అది కూలీల వినయంలా కనిపించి, ఇద్దరు ముగ్గురు రాజులు మెచ్చుకున్నారు కూడా.

దీర్ఘనాసుడు పెట్టె మూత కొద్దిగా ఎత్తి, చెయ్యి పెట్టి, తడిమి, యువరాజు నీడను జుట్టు పట్టుకుని లాగాడు. ఆ జుట్టును పోల్చుకోవడం ఏమంత కష్టం కాదు.

నీడ తల వచ్చింది. భుజాలు వచ్చాయి. కుడి చెయ్యి వచ్చింది. ఆ చేతిని పట్టుకుని ఇంకో చెయ్యి వచ్చింది.

"ఇదెవరిది?" అన్నాడు మాంత్రికుడు.

జవాబుగా సింగారి నీడ తల ఎగరేసుకుంటూ బయటికి వచ్చింది. దాని వెనక కోనప్ప నీడ, దాని వెనక ముసలమ్మ నీడ. బావిలోంచి చేంతాడు వచ్చినట్టు నీడలు బరబరా వస్తున్నాయి, వచ్చినవి వచ్చినట్టు నేల మీద జరజరా పాకి తమ తమ మనుషుల కాళ్లకు అతుక్కుంటున్నాయి. మాంత్రికుడు మూత మీద కూర్చున్నాడు. మూత అతన్ని ఎత్తి కుదేసింది. జెండా స్తంభం సగం దాటింది.

గంగులు నీడ వచ్చింది. దాని చిటికెనవేలు ఖాళీగా ఉంది.

వరసలో గంగులుకు తుమ్మొచ్చింది. వేలు జారింది. అంతే. మూత ఠపీమని మూసుకుంది. మాంత్రికుడు ఈసారి రెండు కాళ్లతో దాని మీద ఎక్కి నిలబడి, "దించండి పెట్టెని!" అని అరిచాడు. భటులు గొలుసులు వదులుతున్నారు. పెట్టె గోతి అంచుకు జారింది. ఎర్రయ్య వెనక నిలబడ్డ పాలు మరవని బిడ్డ తల్లి నీడ లేని తన కాళ్లకేసి చూసుకుంది.

గంగులు గతుక్కుమన్నాడు. కాళ్ల దగ్గర తన నీడ నల్లగా, నిండుగా ఉంది. ఇక ద్వారం దాటి ఇంటికి పోవచ్చు. అతను ద్వారం వైపు చూశాడు. ఎర్రయ్య వైపు చూశాడు.

"మేక నీదే బావా!" అని కేకేసి, ఎర్రయ్య చేతిని మోచేతి దాకా రెండు చేతులతో పట్టుకుని లాగాడు.

గంగులు నీడ కూడా నేల మీద మెరుపులా సాగి, మూత సందులో చేతులు దూర్చి ఎర్రయ్య నీడను లాగింది. పెట్టె భళ్లున పగిలింది. మిగిలిన నీడలన్నీ ఉప్పెనలా బయటపడ్డాయి. మాంత్రికుడు ఇవతలికి ఎగిరిపడ్డాడు. ఖాళీ పెట్టె గోతిలో పడి ఖణేల్‌మంది. అదే క్షణాన జెండా కొసకెక్కి రెపరెపలాడింది. జనం చప్పట్లు కొట్టారు. ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు.

"నీదేనన్నావు కదా, అయితే పిల్లలు కూడా నాయే" అన్నాడు ఎర్రయ్య కళ్లు తుడుచుకుంటూ.

"అది తర్వాత సూద్దాం" అన్నాడు గంగులు.

గండశిలుడు ఎత్తిన కాలు వణుకుతోంది. "మట్టి బాబూ! మట్టి!"

సింగారి వంగి పిడికెడు మట్టి తీసింది. తీసి, ఇవ్వకుండా, గోదా గట్టు మీద చతికిలబడింది. ఆమె వెనక వరసంతా కూర్చుంది. కొంగల గూళ్ల దాకా ఎక్కినవాళ్లు అక్కడే కూర్చున్నారు.

"ఇష్టంగా తవ్వాను అనాలి కదా మరి" అంది సింగారి. "ఇష్టంగా తవ్వలేదు."

మహారాజు ఉద్దండకేతుడు లేచాడు. పక్కన ఆరుగురు రాజులు ఆయన మొహంలోకి చూస్తున్నారు. "దీనికి నాకేమిటి సంబంధం? నేను గుత్తకిచ్చేశాను. గుత్తేదారుని అడగండి."

"కింది గుత్తేదారుని అడగండి!" అన్నాడు దీర్ఘనాసుడు ఠక్కున.

మణికేతుడు ఒక్క గెంతు గెంతి ఎర్ర తలపాగా ఊడబెరికాడు. దాని కింద పసుపు తలపాగా ఉంది. అది లాగితే ఆకుపచ్చ తలపాగా. అదీ లాగితే, పాపం, చాలాకాలంగా గాలి తగలని ఒక బోడిగుండు.

"అడిగాను నాన్నగారూ. ముగ్గుర్నీ అడిగాను" అన్నాడు మసి తుడుచుకుంటూ.

మహారాజు కొడుకు మొహం చూశాడు, అరచేతుల బొబ్బలు చూశాడు. అయినా రాజు కదా, చివరి ప్రయత్నం చేశాడు. "గుత్తేదారు కింద జరిగేది నాది కాదు..."

"అయితే ఈ గోదా కూడా తమది కాదాండీ?" అని అడిగాడు గండశిలుడు అమాయకంగా, ఒంటికాలి మీద. "మరి ఎవురి ఇంటికొచ్చినట్టండీ మేం?"

ఆరుగురు రాజుల్లో ఒకరు దగ్గారు. మహారాజు పెద్దగా ఆలోచించి, చిన్నగా, "నాదే" అన్నాడు.

"ఏం కావాలమ్మా మీకు?" అని సింగారిని అడిగాడు.

"తాగడానికి నీళ్లు. గంజిలో మెతుకు. పొద్దు నడినెత్తి మీదికొచ్చినప్పుడు పందిరి కింద కూకోనివ్వాలి, అప్పుడు ఎవులూ పని సెప్పకూడదు, తమరు సెప్పినా సరే. ఇంటికెల్తామంటే ఎల్లనివ్వాలి. ఏ గుత్తేదారు పని తీసుకున్నా పూచీ తమదే." సింగారి సింహాసనాల వైపు చూసింది. "ఆ సింహాలకి మాంసం ఆపెయ్యండి. అవి రాళ్లు."

"ఈ క్షణం నుంచే అమలు!" అని మహారాజు ఆన పెట్టాడు. జనం హోరెత్తారు. సింగారి పిడికిట్లో మట్టి తండ్రికి ఇచ్చింది. గోదాలో మొదటి పార వేసింది కోనప్పే మరి. కోనప్ప లేచి, గొంతు సవరించుకుని, గండశిలుడి ముందుకు చెయ్యి చాపి, "ఇష్టంగా..." అన్నాడు.

వెనక నుంచి వికటాట్టహాసం వినిపించింది.

ఇంత గొడవలోనూ దీర్ఘనాసుడు ఒక్క పని మాత్రం మానలేదు. యువరాజు నీడ జుట్టు వదల్లేదు. ఇప్పుడు దాన్ని ఉత్తరీయంలా మెడకు చుట్టుకుని, ఎర్ర తలపాగా మీద పాదం మోపి మంత్రం చదివాడు. తలపాగా విచ్చుకుంది. విచ్చుకుని, పరుచుకుని, ఎర్రటి మేఘమై మాంత్రికుణ్ణి ఎత్తుకుని పైకి లేచింది. రెండు తలపాగాల మీద చుట్టుకోవడానికైనా అంత గుడ్డ ఎందుకా అని అందరికీ అప్పటిదాకా ఉన్న అనుమానం తీరిపోయింది.

నీడ ఎక్కడుంటే మనిషి అక్కడే. మణికేతుడి కాళ్లు నేలను వదిలాయి.

"సింగారీ!"

సింగారి ఎగిరి అతని మడమ పట్టుకుంది. ఆమె కాలు కోనప్ప పట్టుకున్నాడు, రెండో చేతిలో మట్టి వదలకుండా. కోనప్ప పంచె గంగులు పట్టుకున్నాడు. గంగులును ఎర్రయ్య పట్టుకున్నాడు, ఈసారి చిటికెనవేలుతో కాదు. అందరికంటే కింద గండశిలుడు, "సగం మాట సెప్పి ఎగిరిపోతే ఎలాగండీ! ఆ రెండో సగం సెప్పండి!" అని అంగలారుస్తూ ఎర్రయ్య కాలు పట్టుకుని తనూ పైకి లేచాడు. పర్వతమంత మనిషి వేలాడినా తలపాగా కొద్దిగా మాత్రమే కుంగింది. మంచి నేత.

ఏడుగురు రాజులూ ఏడు తలలు ఎత్తి చూస్తుండగా, ఆ వరస స్తంభాలు దాటింది, కొంగలు దాటింది, మందరవాటి కోటబురుజులు ఆవగింజలయ్యాయి. పైన మాంత్రికుడి నవ్వు. ముందు ధూమగిరి, నల్లటి పొగ కక్కుతూ, నిప్పుల నోరు తెరుచుకుని. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చాడు.

"యువరాజా" అంది సింగారి కింద నుంచి.

"ఏమిటి?"

"పొద్దు నెత్తి మీదికొచ్చింది. మీ నాన్న ఆన ఉంది కదా. ఇప్పుడు ఎవులూ మాకు పని సెప్పకూడదు."

"సింగారీ, గట్టిగా పట్టుకో!"

"అదే అడుగుతన్నాను. ఇలా పట్టుకోడం పనా, సాయమా? పనైతే వదిలేత్తాం. సాయమైతే..." ఆమె కాస్త ఊపిరి తీసుకుంది. "సాయం ఆజ్ఞాపించరు. అడుగుతారు."

మణికేతుడు కిందికి చూశాడు. నిప్పుల వేడి అప్పుడే పాదాలకు తగులుతోంది. పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరినీ ఏదీ అడగలేదు. నీళ్లు కావాలంటే చెయ్యి చాపేవాడు, నీళ్లు వచ్చేవి. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా అతనికి తెలియలేదు.

"కాస్త పట్టుకుంటారా?" అని అడిగాడు చివరికి.

సింగారి ఆ మాటను కోనప్పకు చెప్పింది. కోనప్ప గంగులుకు, గంగులు ఎర్రయ్యకు, ఎర్రయ్య గండశిలుడికి. మట్టితట్ట అందించినట్టు, ఒకరి నుంచి ఒకరికి, ఒలకకుండా, ఆ ప్రశ్న వరస చివరిదాకా వెళ్లింది.

ధూమగిరి నోరు సరిగ్గా కాళ్ల కిందికి వచ్చింది.

వరసంతా ఆలోచించుకోవడం మొదలుపెట్టింది.